సదరం శాతం నుంచి బ్యాంకు కౌంటర్ దాకా: మాట ఇబ్బందిని ఎవరు కొలుస్తారు, ఎవరు తగ్గిస్తారు?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వైకల్య శాతాన్ని తేల్చే సదరం శిబిరం జరిగే రోజున ఆసుపత్రి వరండాలో కాసేపు నిలబడితే, మాట, వినికిడి సమస్యల చుట్టూ ఎంత అయోమయం పేరుకుందో అర్థమవుతుంది. ఒక చెవి పూర్తిగా పోయినా సర్టిఫికెట్‌లో అంత తక్కువ శాతం ఎందుకు వస్తుంది? పక్షవాతం తర్వాత కాలూ చేయీ కుదుటపడి మాట మాత్రం తిరిగి రాకపోతే అది వైకల్యం కిందికి వస్తుందా? స్పీచ్ థెరపిస్ట్ అంటే డాక్టరా, టీచరా?

2025లో రాష్ట్ర ప్రభుత్వం వైకల్య పింఛన్లను మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టాక ఇవి ఇంటింటి ప్రశ్నలయ్యాయి. 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు. కనీసం 40 శాతం వైకల్యం ఉంటేనే ఇస్తారు. అంటే 39కీ 40కీ నడుమ ఏడాదికి 72,000 రూపాయల తేడా. సహజంగానే చర్చంతా శాతం చుట్టూ తిరుగుతోంది. దాని పక్కనే ఉన్న మరో ప్రశ్న మరుగున పడింది. ఆ మనిషి రేపు బ్యాంకుకు వెళితే, కౌంటర్ అవతల కూర్చున్న ఉద్యోగి ఆయన చెప్పేది వింటాడా? స్పీచ్ థెరపిస్టుల సంఘాలు కొన్నేళ్లుగా ఈ ప్రశ్ననూ తమ పనిలో భాగం చేసుకుంటున్నాయి. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూస్తే తప్ప విషయం తెగదు.

డాక్టరు, ఆడియాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్: ఎవరి పని ఏది

చెవి, ముక్కు, గొంతు డాక్టరు వ్యాధిని చూస్తారు. చెవిలో చీము, కర్ణభేరికి చిల్లు, స్వరతంత్రుల మీద గడ్డ వంటివి ఆయన పరిధిలోవి. ఆడియాలజిస్ట్ వినికిడిని కొలుస్తారు, వినికిడి యంత్రాన్ని సరిపడేలా అమరుస్తారు. స్పీచ్ థెరపిస్ట్ మాట, భాష, గొంతు స్వరం, నత్తి వంటివి చూస్తారు. మింగడంలో ఇబ్బంది కూడా వారి పనే అన్న సంగతి చాలామందికి తెలియదు. పక్షవాతం వచ్చిన మనిషికి నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే చూడవలసిన వారిలో స్పీచ్ థెరపిస్ట్ ఒకరు. మాట్లాడటం, మింగడం, రెండు పనులకూ కండరాలు చాలావరకూ అవే.

మన దేశంలో ఆడియాలజీ, స్పీచ్ థెరపీ రెండింటికీ కలిపి ఒకటే డిగ్రీ ఉంది. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. దీనిపై మాస్టర్స్ చేసినవారు ఏదో ఒక దారి ఎంచుకుంటారు.

మాట వేరు, భాష వేరు అన్న సంగతి ఇక్కడే పట్టుకోవాలి. సర్టిఫికెట్ దగ్గర వచ్చే తికమక సగం దీన్నుంచే పుడుతుంది. గొంతు క్యాన్సర్‌కు స్వరపేటిక తీసేసిన మనిషిని ఊహించండి. ఆయనకు శబ్దం రాదు, కానీ పలక మీద రాసి మీతో రాజకీయాలు వాదించగలడు. భాష చెక్కుచెదరలేదు, గొంతు పోయింది. ఇప్పుడు మెదడు ఎడమవైపు పక్షవాతం దెబ్బ తగిలిన మరో మనిషిని తీసుకోండి. ఆయన నాలుక, పెదవులు, గొంతు అన్నీ పనిచేస్తాయి. గ్లాసు చూపిస్తే అది దేనికో తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. కొందరికి రాయడమూ రాదు. దీన్ని అఫేసియా అంటారు. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1861లో ఇలాంటి రోగి మెదడును మరణానంతరం పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బను చూపించాడు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతుకు ఎంతో కొంత అఫేసియా కనిపిస్తుందని వైద్యుల అంచనా.

అఫేసియా ఉన్న మనిషికి తెలివి పోలేదు. ఎదుటివాళ్లు మాత్రం పోయిందనే అనుకుంటారు. గట్టిగా అరుస్తారు, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు, లేదా ఆయన్ని వదిలేసి పక్కనున్న కొడుకును అడుగుతారు. ఆయనకు అన్నిటికన్నా నొప్పి కలిగించేది ఈ మూడోదే కావచ్చు.

సంఘం వేరు, కౌన్సిల్ వేరు

ఈ వృత్తికి దేశవ్యాప్త సంఘం ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్. అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మైసూరులో మొదలైంది. ఆ తర్వాత కొద్దికాలానికే, అదే దశకంలో, ఈ సంఘం ఏర్పడింది. ఏటా జాతీయ సదస్సు నిర్వహించడం, పరిశోధన పత్రిక నడపడం, వృత్తి నీతి నియమాలు రాసుకోవడం, ప్రభుత్వానికి వినతులు ఇవ్వడం, అవగాహన దినాలు జరపడం దీని పనులు. మార్చి 3న ప్రపంచ వినికిడి దినం, ఏప్రిల్ 16న ప్రపంచ స్వర దినం, అక్టోబర్ 22న నత్తి అవగాహన దినం వస్తాయి. ఆ తేదీల్లో ఎక్కడైనా ఉచిత వినికిడి పరీక్షల శిబిరం కనిపిస్తే వెనుక ఇలాంటి సంఘమో, దాని సభ్యులో ఉండే అవకాశం ఎక్కువ.

అయితే ఎవరు థెరపిస్ట్, ఎవరు కాదు అని తేల్చే అధికారం సంఘానికి లేదు. అది 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలిది (రిహాబిలిటేషన్ కౌన్సిల్). ప్రాక్టీసు చేయాలంటే ఆ మండలి రిజిస్టర్‌లో పేరు, నంబరు ఉండాలి. రిజిస్టర్‌లో లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టం చెబుతుంది. వెయ్యి రూపాయల జరిమానా ఎవరిని భయపెడుతుందో చట్టం రాసినవారికే తెలియాలి. సంఘం సభ్యత్వం స్వచ్ఛందం, మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గోడ మీద సంఘం సభ్యత్వ పత్రం వేలాడుతోందని చికిత్సకు అర్హత ఉందనుకోవడం, అది లేదని అర్హత లేదనుకోవడం, రెండూ పొరపాట్లే.

సంఘాల మీద విమర్శలూ ఉన్నాయి. సదస్సులు నగరాల్లో, ఇంగ్లీషులో జరుగుతాయని, వృత్తి ప్రయోజనాల మీద ఉన్న శ్రద్ధ పల్లె రోగి మీద లేదని అంటారు. నకిలీ థెరపిస్టుల చేతిలో పిల్లల విలువైన ఏళ్లు వృథా అవుతున్నప్పుడు వృత్తి గడపను కాపాడటం కూడా రోగి సేవేనని సంఘాల జవాబు. రెండింటిలోనూ నిజముంది. తెలుగు నేల మీద ఈ చదువుకు చాలాకాలం హైదరాబాద్, సికింద్రాబాద్‌లే దిక్కు కావడంతో, ఉత్తరాంధ్రలో కొరత ఎంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

శాతం లెక్క: రెండు చెవులకు సమాన ఓటు లేదు

ఇప్పుడు వరండాలో వినిపించే మొదటి ప్రశ్నకు వద్దాం. వినికిడి పరీక్షలో 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ శబ్దాలను ఒక్కో చెవికి వినిపించి, ఎంత తక్కువ శబ్దం వినబడుతోందో చూస్తారు. దాన్నుంచి ఒక్కో చెవికి ఒక శాతం వస్తుంది. తర్వాత రెండింటినీ కలిపే సూత్రం ఇది: మెరుగైన చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవి శాతాన్ని కలిపి, మొత్తాన్ని 6తో భాగిస్తారు.

ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది నిక్షేపంగా ఉందనుకోండి. మెరుగైన చెవి 0, పోయిన చెవి 100. ఐదు సున్నాలు సున్నా, దానికి 100 కలిపి 6తో భాగిస్తే 16.7 శాతం. పింఛను గీతకు చాలా దూరం. ఒక్క మంచి చెవితో నిశ్శబ్దంలో సంభాషణ చాలావరకు సాగుతుంది కాబట్టి సూత్రం దానికి ఐదు రెట్లు బరువిచ్చింది.

ఇంకో లెక్క. జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన కార్మికుడి మెరుగైన చెవి 30, రెండోది 60 శాతం అనుకుందాం. 150కి 60 కలిపితే 210, ఆరుతో భాగిస్తే 35. ఇదీ గీత కిందే. యంత్రాల రొద ముందుగా దెబ్బతీసేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడిని. స, శ, త వంటి అక్షరాలను వేరుచేసి పట్టుకోవడానికి అవసరమైనవి ఆ ఎత్తైన శబ్దాలే. అందుకే అలాంటివారు "మాట్లాడుతున్నట్టు వినబడుతోంది, ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. పరీక్ష జరిగేది శబ్దం చొరబడని గదిలో. ఆయన బతికేది సంతలో, బస్సు కాంప్లెక్స్‌లో, రేషన్ దుకాణం వరుసలో. గదిలో వచ్చిన 35 సంతలో ఎంత అవుతుందో సూత్రానికి పట్టదు.

దీనికి సమర్థన కూడా ఉంది. సంతలో కొలిస్తే ఊరికో కొలత, రోజుకో కొలత వస్తుంది. ప్రజాధనం పంచేటప్పుడు శ్రీకాకుళంలోనూ కర్నూలులోనూ ఒకే ఫలితం రావాలి. గది అందుకు.

మాట విషయంలో కొలత మరింత చిక్కు. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది, మాట వైకల్యానికి అందులో విడిగా చోటు లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, మాట, భాష వైకల్యాన్ని చేర్చింది. స్వరపేటిక తొలగింపు, అఫేసియా వంటి వాటి వల్ల, శారీరక లేదా నాడీ సంబంధ కారణాలతో వచ్చిన శాశ్వత ఇబ్బంది అని దాని నిర్వచనం. కాబట్టి పక్షవాతం వల్ల మాట పోయి, కాలూ చేయీ బాగున్నవారూ ఈ చట్టం కిందికి వస్తారు. ఇబ్బంది శాశ్వతమని తేలాలి, అంతే. మాట ఎంత స్పష్టంగా అర్థమవుతోందో ఒక స్కేలుపై అంచనా వేస్తారు. అఫేసియాకు వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్ష వాడతారు, దానికి తెలుగు రూపం ఉంది. నత్తి ఈ నిర్వచనంలో ఇముడుతుందా అన్నది మాత్రం వాదనకు తావున్న చోటు. ఆలస్యంగా మాటలు వస్తున్న మూడేళ్ల పిల్లాడి సంగతీ అంతే. అతడికి కావలసింది సర్టిఫికెట్ కన్నా ముందు థెరపీ.

స్పష్టత స్కేలులో ఒక తిరకాసు ఉంది. మాట స్పష్టత పలికేవారి మీద ఎంత ఆధారపడుతుందో, వినేవారి మీద కూడా అంతే. మూడేళ్ల పిల్లలు చెప్పేదాంట్లో ముప్పావు వంతు కొత్తవారికి అర్థమైతే వయసుకు తగినట్టే లెక్క. అదే పిల్లల మాట తల్లికి దాదాపు పూర్తిగా తెలుస్తుంది. నోరు అదే, చెవి మారింది, స్పష్టత మారింది.

ఒకే మనిషి, రెండు కౌంటర్లు

ఇక్కడి నుంచే అందరికీ అందే సంభాషణ అనే ఆలోచన మొదలవుతుంది. నరసన్నపేట పక్క పల్లెలో ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకుందాం. పక్షవాతం తర్వాత అఫేసియా. పెన్షన్ ఖాతాలో ఏదో తేడా వచ్చిందని బ్యాంకుకు వెళ్లారు.

మొదటి కౌంటర్‌లో ఉద్యోగి "చెప్పండి" అన్నాడు. మాస్టారు "అది... అది... నెల..." అని ఆగిపోయారు. వెనుక వరుస కదులుతోంది. "ఎవరినైనా తోడు తెచ్చుకోండి, మాస్టారూ" అని పాసుపుస్తకం తిరిగిచ్చాడు.

రెండో కౌంటర్‌లో ఉద్యోగి కుర్చీ చూపించింది. పాసుపుస్తకం తెరిచి ఇద్దరికీ కనబడేలా తిప్పింది. "డబ్బు గురించా?" అంది. అవునన్నట్టు తల ఊపారు. కాగితం మీద "ఎక్కువ పడింది / తక్కువ పడింది / అసలు పడలేదు" అని పెద్దగా రాసి ముందు పెట్టింది. ఆయన "తక్కువ" మీద వేలు పెట్టారు. "జూలై నెలదా?" కాదు. "ఆగస్టు?" అవును. "ఆగస్టులో తక్కువ పడిందని అంటున్నారు, అంతేనా మాస్టారూ?" అని మళ్లీ ఒకసారి సరిచూసుకుంది. నాలుగైదు నిమిషాలు పట్టింది.

రెండు కౌంటర్ల దగ్గరా మాస్టారి వైకల్య శాతం ఒకటే. మొదటి చోట ఆయన మాట్లాడలేని మనిషి, రెండో చోట ఫిర్యాదు చేసిన ఖాతాదారు. రెండో ఉద్యోగి చేసినదేదీ ఇంద్రజాలం కాదు. అవును-కాదు ప్రశ్నలు, రాసి చూపించడం, వేలితో చూపే వీలు, చివర సరిచూసుకోవడం, అన్నీ నేర్పదగినవే. కెనడాలోని టొరొంటోలో అఫేసియా మీద పనిచేసేవారు వాలంటీర్లకు సరిగ్గా ఇవే నేర్పి ఫలితాలు కొలిచారు. 2001లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, శిక్షణ పొందిన వాలంటీర్ల నైపుణ్యం పెరగడంలో ఆశ్చర్యం లేదు. శిక్షణ ఏదీ పొందని రోగులు కూడా వారితో మాట్లాడినప్పుడు మెరుగ్గా సమాచారం చెప్పగలిగారు. చికిత్స జరిగింది ఒకరికి, మాట తేలికైంది మరొకరికి!

సంఘాలు ఈ దిశగా కదిలిన తీరు దేశానికో రకంగా ఉంది. ఆస్ట్రేలియాలో సంభాషణకు అనువైన చోటు అని సూచించే ఒక గుర్తు పుట్టింది, సిబ్బందికి శిక్షణ ఇచ్చి తనిఖీలో నెగ్గిన చోట్లకు దాన్ని ఇస్తారు. బ్రిటన్‌లో స్పీచ్ థెరపిస్టుల రాయల్ కాలేజీ, మరికొన్ని సంస్థలు కలిసి 2020లో అలాంటి గుర్తునే తెచ్చాయి. దాని శిక్షణ సారం నాలుగు ముక్కలు: సమయం ఇవ్వండి, ఏది సాయపడుతుందో అడగండి, వినండి, ప్రయత్నం వదలకండి. మెట్ల పక్కన ర్యాంపు కట్టడం లాంటిదే ఇది, కాకపోతే సిమెంటు అక్కర్లేదు. కనబడకపోవడమే దీని బలహీనత కూడా. ర్యాంపు లేకపోతే ఫొటో తీసి పత్రికకు పంపవచ్చు, తొందరపెట్టిన ఉద్యోగి మొహాన్ని ఎలా పంపుతాం?

గిడుగు పుట్టిన జిల్లాలో నోటీసు భాష

2016 చట్టం సంభాషణ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. బ్రెయిలీ, సంజ్ఞ భాష, పెద్ద అచ్చు, తెర మీద అక్షరాలు, బొమ్మలు, ఇతర ప్రత్యామ్నాయ పద్ధతులతో పాటు సరళ భాష కూడా అందులో ఉంది. ఈ చివరి మాట దగ్గర శ్రీకాకుళం జిల్లావాసి కాసేపు ఆగక తప్పదు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలోనే రాతకోతలు సాగాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల మధ్య తిరుగుతూ జ్వరాల పాలై, క్వినైన్ వాడకం వల్ల వినికిడి కోల్పోయిన మనిషి కూడా ఆయనే. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. మర్నాడు కార్యాలయానికి వెళితే నోటీసు బోర్డు మీద ఉండే తెలుగు ఇలా ఉంటుంది. ఇది నేను కల్పించిన నమూనాయే, చదివినవారెవరికీ కొత్తగా అనిపించదు:

"దివ్యాంగ పింఛను లబ్ధిదారులకు తెలియజేయునది ఏమనగా, వైకల్య శాతపు పునర్నిర్ధారణ నిమిత్తము నిర్దేశించబడిన తేదీన సంబంధిత వైద్య మండలి ఎదుట తగు ధ్రువపత్రములతో హాజరు కావలెను. గైర్హాజరైన యెడల పింఛను తాత్కాలికముగా నిలుపుదల చేయబడును."

దీన్నే సరళంగా రాస్తే: "మీ వైకల్యాన్ని డాక్టర్లు మళ్లీ పరీక్షిస్తారు. మార్చి 12, బుధవారం ఉదయం 9 గంటలకు జిల్లా ఆసుపత్రికి రండి. పాత సర్టిఫికెట్, ఆధార్ కార్డు తెచ్చుకోండి. రాకపోతే పింఛను ఆగుతుంది. ఆ రోజు రాలేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

బాగానే ఉందనిపిస్తుంది. చివరి వాక్యం మళ్లీ చదవండి. వినబడనివారికీ, మాట రానివారికీ పంపిన నోటీసు ఫోన్ చేయమంటోంది! "ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పంపండి, లేదా మీ బదులు ఎవరినైనా సచివాలయానికి పంపండి" అంటే తప్ప పని పూర్తికాదు. మాటలు తేలిక చేసినంత మాత్రాన దారి తెరుచుకోదు. జవాబు చెప్పే మార్గం ఏ మనిషికి అందుతుందో కూడా ఆలోచించాలి.

సరళ భాషను శంకించేవారు లేకపోలేదు. తేలిక చేస్తే చట్టపరమైన ఖచ్చితత్వం పోతుందని, రేపు కోర్టులో వాక్యానికి మరో అర్థం తీస్తారని అధికారుల భయం. ఉత్తర్వు పూర్తి పాఠం ఒకవైపు, సరళ పాఠం మరోవైపు అచ్చువేయడం చాలాచోట్ల దొరికిన రాజీమార్గం.

యాసకు వైద్యం అక్కర్లేదు

ఉత్తరాంధ్ర యాసను వెండితెర మీద నవ్వుల కోసం వాడుకోవడం మనకు అలవాటైన సంగతే. దాని ప్రభావం క్లాసుగది దాకా వస్తుంది. పిల్ల మాట సరిగా లేదని ఉపాధ్యాయులు చెప్పగానే తల్లిదండ్రులు థెరపిస్ట్ కోసం వెతుకుతారు. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 1983లోనే ఇంగ్లీషు యాసల గురించి ఒక విధాన ప్రకటన చేసింది: ఏ యాసా రుగ్మత కాదని. సూత్రం మనకూ వర్తిస్తుంది.

తేడా పట్టుకోవడం ఎలా? ఊళ్లో పెద్దలందరూ ళ బదులు ల పలుకుతుంటే, పిల్ల కూడా అలాగే పలికితే అది ఊరి భాష. పిల్ల అక్షరాలా ఊరంతటిలాగే మాట్లాడుతోంది. ఊరంతా "కాకి" అంటుండగా ఐదేళ్ల పిల్ల "తాతి" అంటుంటే అది చూడవలసిన విషయం. రెండేళ్ల పిల్ల అలా అంటే కంగారు అక్కర్లేదు, చాలామంది అలాగే మొదలుపెడతారు.

సీతంపేట, పాలకొండ వైపు మరో చిక్కు. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుతో చుట్టరికం లేనిది. ఇంట్లో సవర మాట్లాడే ఆరేళ్ల పిల్లాడు తెలుగు బడిలో మౌనంగా కూర్చుంటే, భాష రాలేదా, భాష ఎదగలేదా? ఇంట్లో సవరలో కథలు చెప్పగలిగితే మొదటిది, అందులోనూ వెనకబడి ఉంటే రెండోది. పరీక్ష తెలుగులోనే చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యమవుతుందన్న నమ్మకానికి పరిశోధనల మద్దతు లేదు. అయినా ఇంటి భాష మానేయమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. దాంతో అమ్మమ్మకూ మనవడికీ నడుమ ఉన్న మాట కూడా పోతుంది.

సైగ ముందా, శబ్దం ముందా

పుట్టుకతో వినికిడి లేని పిల్లల విషయంలో వాదన పాతదీ, తీవ్రమైనదీ. అంతర్జాతీయంగా వైద్యులు చెప్పే లక్ష్యం ఇది: నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను చూసి జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్‌కు, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరానికి, ప్రభుత్వ పథకాల సాయం ఉంది. కానీ ఆపరేషన్ మొదటి మెట్టు మాత్రమే. తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి థెరపీ కావాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాదాపు 130 కిలోమీటర్లు, విశాఖపట్నం ఇంకా వంద పైన. వారానికి రెండుసార్లు కూలి మానుకుని పిల్లాడితో బస్సెక్కే తల్లి ఎన్నాళ్లు ఎక్కగలదు?

శబ్దాన్ని నమ్మేవారు మెదడు లేతగా ఉన్న తొలి ఏళ్లు తిరిగి రావని, ఆ కాలమంతా వినడానికే వినియోగించాలని అంటారు. బధిర సమాజం మరో ప్రమాదాన్ని చూపిస్తుంది. థెరపీ మధ్యలో ఆగిపోతే పిల్లాడికి మాటా రాదు, సైగా రాదు, ఏ భాషా లేకుండా మిగిలిపోతాడు. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల మహాసభ బడుల్లో సంజ్ఞ భాషను వద్దని తీర్మానించింది. ఆ తీర్మానాలను తిరస్కరిస్తూ విచారం వ్యక్తం చేసింది 2010లో, వాంకూవర్ సభలో. నడుమ 130 ఏళ్లు గడిచాయి. మన దేశంలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞ భాషా కేంద్రం పది వేల పదాల నిఘంటువు తెచ్చింది. ఈ జిల్లాల బస్సు దూరాలను లెక్కలోకి తీసుకుంటే, రెండింటినీ కలిపి నడపాలనే వారి వాదనకు బలం ఎక్కువనిపిస్తుంది.

ఇలాంటి వాదనే బొమ్మల పలకలు, మాట్లాడే యాప్‌ల మీదా ఉంది. మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ఇస్తే ఇక నోరు తెరవడం మానేస్తారని తల్లిదండ్రులు భయపడతారు. ఇప్పటివరకు వచ్చిన పరిశోధనల్లో అలా జరిగిన దాఖలా లేదు, కొందరిలో మాట కొంత పెరిగింది కూడా. చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్ ఈ కోవలోనిది.

థెరపిస్ట్ లేని చోట ఎవరు చేయాలి

ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, కుటుంబ సభ్యులకు కొంత పని నేర్పితే కొరత తీరుతుందని ఒక వాదన. సగం తెలిసినవారి చేతిలో మింగడం వంటి సమస్య ప్రాణం మీదికి తెస్తుందని థెరపిస్టుల ఆందోళన. ఇద్దరూ వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. నిర్ధారణ, మింగడం, కాక్లియర్ తర్వాతి శిక్షణ చదువుకున్నవారివే. అనుమానించి పంపడం, ఇంట్లో అభ్యాసం చేయించడం, కౌంటర్ దగ్గర ఓపిక పట్టడం నేర్పితే ఎవరైనా చేయగలరు. కోవిడ్ తర్వాత వీడియో థెరపీ పెరిగింది. అభ్యాసం కొనసాగించడానికి అది బాగా పనికొస్తుంది. ఏజెన్సీ కొండల్లో సిగ్నల్ దొరికితే.

చట్టంలోనే రెండు కొలతలు

మళ్లీ శాతం దగ్గరికే వచ్చాం, ఈసారి చట్టం చేతిలో పట్టుకుని. 2016 చట్టం వైకల్యం ఉన్న వ్యక్తిని నిర్వచిస్తూ, దీర్ఘకాలిక లోపం అడ్డంకులతో కలిసినప్పుడు సమాజంలో సమానంగా పాల్గొనలేకపోయే మనిషి అంటుంది. అంటే లోపం సగం, అడ్డంకి సగం. మొదటి కౌంటర్ ఉద్యోగి తొందర కూడా ఆ నిర్వచనంలో భాగమే. అదే చట్టం ప్రయోజనాల దగ్గరకు వచ్చేసరికి 40 శాతం గీత గీస్తుంది. ఆ శాతంలో కొలిచేది శరీరంలోని లోపాన్ని మాత్రమే. శాతంతో విభేదిస్తే అప్పీలుకు 59వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అడ్డంకి మీద ఫిర్యాదుకు వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. ఒకే మనిషి ఇబ్బంది రెండు వేర్వేరు గుమ్మాలు ఎక్కాలి.

అడ్డంకి వైపు ఒక కదలిక వచ్చింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద చేసిన నియమాల్లో అందుబాటు ప్రమాణాలకు సంబంధించిన 15వ నియమం చట్టానికే విరుద్ధమని తేల్చింది. అది సిఫారసుల స్థాయిలో మిగిలిపోయిందని, తప్పనిసరి కనీస ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ర్యాంపుకు ఎంత వాలు ఉండాలో ప్రమాణం రాయడం ఇంజనీర్లకు తెలిసిన విద్యే. కౌంటర్ దగ్గర ఎంతసేపు ఆగాలి, ఏయే రూపాల్లో జవాబు తీసుకోవాలి, నోటీసు ఏ స్థాయి తెలుగులో ఉండాలి అన్నవి తనిఖీకి నిలిచే ప్రమాణంగా ఎలా రాయాలో తెలిసినవారు మాత్రం థెరపిస్టుల సంఘాల్లోనూ, బధిరుల, పక్షవాత బాధితుల బృందాల్లోనూ ఉన్నారు. ఆ ముసాయిదా బల్ల దగ్గర వీరికి కుర్చీ వేస్తారా అన్నదాని మీదే ఆ ప్రమాణాల్లో సంభాషణకు దక్కే చోటు ఆధారపడుతుంది.